మన్రోలప్ప ఏ ఊరివాడు?

రెండు నెలల కిందట ఈ పుటలో పత్తికొండ గురించి రాస్తూ మన్రో దొర మాట ఒకటి ఎత్తాను. అంతే, ఈసారి ఉత్తరాల కట్టలో సగం మన్రోలే. అన్నిటికీ జవాబు రాయాలంటే సంచిక చాలదు. ఎంచుకున్నవి ఇవి.

ప్రశ్న: నమస్కారం మేడమ్. మా జేజినాయనకు నాయన పేరు మన్రోలప్ప. ఇంట్లో ఉన్న పాత రిజిస్ట్రీ కాగితంలో కూడా అట్లనే ఉంది. మా పిల్లోడు అమెరికాలో బోస్టన్ దగ్గర పని చేస్తాడు. వాని మేనేజరు ఇంటిపేరు మన్రో. ‘మా ముత్తాత పేరూ అదే’ అని మావాడు చెప్తే ఆయన నవ్వినాడంట, నమ్మలేదంట. మాకూ వాళ్ళకూ ఏమన్నా చుట్టరికం ఉందా? అసలు మన్రో అంటే అర్థమేమి?
— రాయదుర్గం నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు

జవాబు: సార్, చుట్టరికం లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మీరూ నేనూ మిగతాది నిమ్మళంగా మాట్లాడుకోవచ్చు.

వాళ్ళకు అది ఇంటిపేరు, మీ ముత్తాతకు పెట్టిన పేరు. 1800లో నిజాం మన సీమను కుంపిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి, దత్తం చేశాక మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. 1807 దాకా ఉన్నాడు. డేరా వేసుకుని ఊరూరా తిరిగాడు, పొలాలు కొలిపించాడు, రైతుకే నేరుగా పట్టా రాసే రైత్వారీ పద్ధతి తెచ్చాడు. పోయేముందు శిస్తు నాలుగోవంతు తగ్గించమని పైకి రాసి పోయాడు. సీమలో మగపిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టడం ఆ తర్వాత మొదలయిన ఆచారం. తాత పేరు మనవడికి పెట్టుకునే జాతి మనది కాబట్టి ఆ పేరు రెండు మూడు తరాలు తిరిగి మీ ముత్తాత దాకా వచ్చి ఉంటుంది. మధ్యలో ఆ ‘ల’ ఎక్కడిది అంటారా? ఓబులప్ప, నాగులప్ప, మల్లప్ప అని పిలిచి పిలిచి అలవాటైన నోటికి ‘మన్రోఅప్ప’ కుదరలేదు, అంతే. ఇది నా ఊహ. వ్యాకరణంలో వెతికితే దొరకదు.

ఇక మన్రో అంటే ఏమిటన్నది. స్కాట్లండు ఉత్తరాన కొండసీమలో మాట్లాడే గేలిక్ భాషలో మన్రో ఇంటివాణ్ణి ‘రోహక్’ లాంటి ఉచ్చారణతో పిలుస్తారు. ‘రో’ దగ్గరివాడు అని. రో అనేది ఒక నది. స్కాట్లండులో కాదు, సముద్రానికి అవతల ఐర్లండులో, డెర్రీ ప్రాంతంలో. ‘బున్ రో’ అంటే రో నది అడుగుభాగం, నది సముద్రంలో కలిసే తావు. మరి ‘బున్’ ‘మున్’ ఎట్లయింది? ఇక్కడ నాలోని తెలుగు లెక్చరరు లేచి కూర్చుంటుంది, క్షమించండి. ‘వారు పోరు’ అనేది ‘వారు వోరు’ అవుతుందని చిన్నయసూరి గసడదవాదేశం చెప్పాడు కదా. ముందున్న మాట తగలగానే వెనక మాట మొదటి హల్లు మెత్తబడుతుంది. ఐరిష్ భాషలోనూ అట్లాంటిదే ఒక సంధి ఉంది. ‘లో’ అనే అర్థమిచ్చే చిన్న మాట ముందు చేరితే ‘బ’ మింగుడుపడి ‘మ’ వినిపిస్తుంది. ‘బున్ రోలో ఉండేవాళ్ళు’ అనే మాటను పదేపదే పలికేసరికి ‘మున్ రో’ మిగిలిందని ఎక్కువమంది పండితులు ఒప్పుకునే వివరణ. అంటే మన కొత్తపల్లివాళ్ళు, ఏటిగడ్డవాళ్ళు అన్నట్టే. వదిలేసి వచ్చిన ఊరు ఇంటిపేరుగా మిగిలింది.

ఐర్లండు నుంచి ఎప్పుడు దాటారు అన్నదానికి రెండు కథలున్నాయి. మన్రోలు తమ గురించి తాము చెప్పుకునేది: 11వ శతాబ్దిలో స్కాట్లండు రాజు రెండో మాల్కంకు డేన్‌లతో, అంటే డెన్మార్కువాళ్ళతో, యుద్ధంలో సాయం చేయడానికి డోనల్డ్ అనే వీరుడు వచ్చాడు, గెలిచాక రాజు భూమి ఇచ్చాడు, దానికి ‘డోనల్డ్ భూమి’ అని పేరు. రెండోది పక్కింటివాళ్ళయిన మెక్‌డొనాల్డుల చరిత్రకారుడు 17వ శతాబ్దిలో రాసిపెట్టింది. 1300 ప్రాంతంలో దీవుల ప్రభువు ఆంగస్ ఓగ్ రో నదీతీరపు ఓకాహన్ రాజుల ఆడపడుచును చేసుకున్నాడు. ఆమెకు అరణంగా బంగారం కాదు, మనుషులు వచ్చారు. ఆ అరణపు గుంపులో మన్రోలు ఒకరు. చూశారా, తమ నోట యుద్ధవీరులు, పక్కవాళ్ళ నోట పెళ్ళికూతురి వెంట వచ్చిన పరివారం! మన ఊళ్ళలో కూడా ఏ కులపురాణం తీసుకున్నా ఇంతే కదా. నన్నడిగితే అరణం కథలో ఊరి పేరూ నది పేరూ సరిగ్గా అమరాయి కాబట్టి దాని మీదే మొగ్గుతాను. కాగితం మీద మాత్రం 14వ శతాబ్దికి ముందు ఆ కుటుంబం జాడ గట్టిగా దొరకదు.

వాళ్ళు స్థిరపడింది ఈస్టర్ రాస్ అనే సీమలో, క్రోమర్టీ అనే సముద్రపు పాయ ఒడ్డున. తెగకు పెద్దయిన దొర ఉండే కోట పేరు రాయడం ఫౌలిస్, పలకడం ఫౌల్స్. ఆ కోట భూమికి రాజు పెట్టిన శిస్తు విని నేను నవ్వుకున్నాను. అడిగితే నడి వేసవిలో ఒక మంచు ముద్ద తెచ్చి ఇవ్వాలట! వెనకనే బెన్ వైవిస్ అని ఎత్తయిన కొండ, దాని ఉత్తరపు గుంటల్లో ఎండాకాలం కూడా మంచు మిగిలేదట. మన్రో కలెక్టరు జమాబందీలో అట్లాంటి శిస్తు ఉంటే మన రైతులు ఏమై ఉండేవాళ్ళో.

మా అమ్మాయి ఇన్వర్‌నెస్ ఆస్పత్రిలో నర్సు. నాలుగేళ్ళ కిందట రెండు నెలలు దాని దగ్గర ఉన్నప్పుడు కిల్టర్న్ అనే చోట పాడుబడిన చర్చికి తీసుకుపోయింది. పైకప్పు లేదు. నీళ్ళ ఒడ్డునే, అల శబ్దం గోడలోపలికి వినిపిస్తుంది. ఫౌలిస్ దొరలను తరతరాలుగా అక్కడే పూడ్చారు. చుట్టూ రాళ్ళ మీద పాచి గీకి చదివితే మన్రో, మన్రో, మన్రో. మధ్యలో ఒక రాస్, ఒక మెకంజీ. వీళ్ళందరూ ఒకే రక్తమా అంటే కాదు. తెగకు పెద్దయిన దొర భూమి మీద బతికే రైతూ, పశువులు కాసేవాడూ, రక్షణ కోరి వచ్చిన పరాయివాడూ అందరూ దొర పేరే పెట్టుకున్నారు. పాతకాలంలో కొండసీమ మనిషికి నిజమైన పేరు ‘ఫలానావాడి కొడుకు ఫలానావాడి కొడుకు ఫలానా’. ఇంటిపేరు అవసరం పడింది కరణం లాంటివాడు పుస్తకంలో రాసుకోవాల్సి వచ్చినప్పుడు. ఇప్పుడు వాళ్ళు డీఎన్‌ఏ పరీక్షలు చేయించుకుంటున్నారు. తండ్రి నుంచి కొడుక్కి దిగే క్రోమోజోము ఇంటిపేరుతోబాటు రావాలి కదా, చాలామందికి రావడం లేదు. అందులో ఆశ్చర్యమేమీ లేదు.

ఇంకో సంగతి ఆ రాళ్ళ మీదే కనిపెట్టాను. భార్యలకు పుట్టింటి పేరే చెక్కారు. ‘ఆయన భార్య ఫలానా రాస్’, ‘ఆయన భార్య ఫలానా మెకంజీ’. స్కాట్లండు ఆడవాళ్ళు పెళ్ళయినా ఇంటిపేరు మార్చుకునేవాళ్ళు కాదట, అది తర్వాత ఇంగ్లండు నుంచి అంటుకున్న అలవాటు. నా రేషను కార్డులో ఒక పేరు, సర్టిఫికెట్లలో ఒక పేరు, పెన్షను కాగితాల్లో ఇంకో పేరు. ఆ రాయి దగ్గర కాసేపు నిలబడ్డాను లెండి.

ఇప్పుడు మీ పిల్లోడి మేనేజరు దగ్గరికి వద్దాం. బోస్టన్ అన్నారు కదా, అందుకే నాకు ఈ ఉత్తరం నచ్చింది. 1651 సెప్టెంబరులో వూస్టర్ అనే చోట స్కాట్‌లు ఇంగ్లండు సేనాని క్రామ్‌వెల్ చేతిలో చిత్తుగా ఓడిపోయారు. పట్టుబడిన ఖైదీలను ఓడలకెక్కించి బోస్టన్‌కు పంపి, కొన్నేళ్ళు కట్టు పనికి అమ్మేశారు. వాళ్ళలో విలియం మన్రో ఒకడని అక్కడి వంశచరిత్రలు చెబుతాయి. గడువు తీరాక బోస్టన్ పక్కన లెక్సింగ్టన్‌లో భూమి చేసుకున్నాడు. నూరేళ్ళకు అక్కడ మన్రోలు గుంపుగా ఉన్నారు. 1775 ఏప్రిల్ 19 తెల్లవారుజామున బ్రిటిష్ సైన్యం మీద మొదటి తుపాకులు పేలిన లెక్సింగ్టన్ మైదానంలో నిలబడ్డవాళ్ళలో మన్రోలు చాలామంది. అక్కడ చనిపోయిన ఎనిమిదిమందిలో రాబర్ట్ మన్రో ఒకడు. ఆ కుటుంబపు పూటకూళ్ళ ఇల్లు, మన్రో టావెర్న్, ఇప్పటికీ ఉంది. ఆ మధ్యాహ్నం బ్రిటిష్‌వాళ్ళు దాన్నే గాయపడ్డ సిపాయిల ఆస్పత్రిగా వాడుకున్నారు. ఇప్పుడది మ్యూజియం. ఆదివారం మీవాణ్ణి పోయి చూసి రమ్మనండి, మేనేజరును కూడా వెంట తీసుకుపొమ్మనండి.

అసలు ముడి ఇక్కడే ఉంది సార్. లెక్సింగ్టన్‌లో మొదలైన ఆ యుద్ధమే మీ ముత్తాతకు ఆ పేరు తెచ్చిపెట్టింది. మన థామస్ మన్రో పుట్టింది కొండసీమలో కాదు, గ్లాస్గో పట్నంలో, 1761లో. నాయన అలెగ్జాండర్ మన్రో వర్జీనియాతో వ్యాపారం చేసే షావుకారు. గ్లాస్గో షావుకార్లు ఆ రోజుల్లో వర్జీనియా పొగాకు మీదే మేడలు కట్టారు. అమెరికావాళ్ళు తిరగబడేసరికి అటు అప్పులు వసూలు కాలేదు, ఇటు సరుకు రాలేదు. ఇల్లు కూలింది. బాగా చదువుకున్న పిల్లోడికి వేరే దారి లేక కుంపిణీలో క్యాడెట్‌గా ఓడెక్కించారు. 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. ఆ యుద్ధం రాకపోయి ఉంటే గ్లాస్గోలో పొగాకు లెక్కలు రాసుకుంటూ ఉండేవాడు, మీ ముత్తాత పేరు ఏ ఓబులప్పో అయ్యుండేది.

మేనేజరు మళ్ళీ నవ్వితే మీవాడు ఈ కథ చెప్పాలి.

ప్రశ్న: అమెరికా అధ్యక్షుడు మన్రో, మన కలెక్టరు మన్రో ఒకటేనా? స్పెల్లింగు వేరే ఉంది కదా అమ్మా!
— న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: తెలుగులో రాస్తే ఆ గొడవే లేదు తల్లీ, అన్నీ మన్రోలే. ఇంగ్లీషులో మాత్రం మొదటి ‘ఎం’ పక్కన ‘యు’ పెట్టేవాళ్ళు, ‘ఓ’ పెట్టేవాళ్ళు, చివర ‘ఇ’ తగిలించేవాళ్ళు, తగిలించనివాళ్ళు, నాలుగూ ఉన్నాయి. చదువు లేని మనిషి నోటితో చెప్పిన పేరును పాస్టరో గుమాస్తానో తన చెవికి తగినట్టు రాసుకున్న ఫలితం. ఒకే మనిషి పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉండేది. మొత్తం మీద స్కాట్లండులో ఉండిపోయినవాళ్ళలో ‘యు’ ఎక్కువ, అమెరికా వెళ్ళినవాళ్ళలో ‘ఎం’ పక్కన ‘ఓ’ ఉండి ‘ఇ’తో ముగిసేది ఎక్కువ. అయితే పైన చెప్పిన లెక్సింగ్టన్ మన్రోలు ‘యు’నీ ఉంచుకున్నారు, ‘ఇ’నీ ఉంచుకున్నారు. కాబట్టి స్పెల్లింగు పట్టుకుని వంశం తేల్చకండి.

అధ్యక్షుడు జేమ్స్ మన్రో పూర్వీకుడు ఆండ్రూ 17వ శతాబ్ది నడుమ స్కాట్లండు నుంచి వర్జీనియా చేరినవాడు. జేమ్స్ 1758లో అక్కడే పుట్టాడు. పద్దెనిమిదేళ్ళ వయసులో, 1776 డిసెంబరులో, ట్రెంటన్ యుద్ధంలో భుజానికి గుండు తగిలి చావు తప్పించుకున్నాడు. 1817 నుంచి 1825 దాకా అధ్యక్షుడు. యూరపు రాజ్యాలు ఇక అమెరికా ఖండాల జోలికి రావద్దని 1823లో ఆయన ప్రకటించినదే మన్రో సిద్ధాంతం. ఆఫ్రికాలో లైబీరియా రాజధాని మన్రోవియా ఆయన పేరే.

ఒకసారి లెక్క చూడండి. ఆయన మన సీమ దొర కంటే మూడేళ్ళే పెద్ద. ఒక మన్రో తుపాకీ పట్టిన యుద్ధంలో ఇంకో మన్రో నాయన దివాలా తీశాడు. ఒకే సమయంలో ఒకాయన అమెరికా అధ్యక్షుడు, ఇంకొకాయన మద్రాసు గవర్నరు. ఒకాయన సామ్రాజ్యాన్ని గెంటేశాడు, ఇంకొకాయన సామ్రాజ్యానికి శిస్తు వసూలు చేసి పెట్టాడు.

ప్రశ్న: మెదడులో ‘ఫోరామెన్ ఆఫ్ మన్రో’ అని చదువుతున్నాం. ఆ మన్రో ఎవరు మేడమ్? పరీక్షకు కాదు, ఊరికే.
— కర్నూలు నుంచి ఒక వైద్య విద్యార్థి

జవాబు: పరీక్షకు కాదన్నావు, అందుకే చెబుతాను. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో శరీరనిర్మాణశాస్త్రపు ఆచార్య పదవి 1720 నుంచి 1846 దాకా, అంటే 126 ఏళ్ళు, ఒకే ఇంట్లో ఉండిపోయింది. తండ్రి, కొడుకు, మనవడు. ముగ్గురి పేరూ అలెగ్జాండర్ మన్రో! గుర్తు పట్టలేక ప్రైమస్, సెకండస్, టెర్షియస్ అని లాటిన్‌లో నంబర్లు వేశారు. నీ పుస్తకంలో ఉన్నది రెండోవాడు, 1783లో ఆ ఫోరామెన్ గురించి, అంటే మెదడులోని ఆ రంధ్రం గురించి, వివరంగా రాసినవాడు. పుర్రెలో చోటు మారదు, ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గాల్సిందే అనే ‘మన్రో–కెల్లీ’ సూత్రంలో ఉన్నదీ ఆయనే. మూడోవాడు పాఠం మహా విసుగ్గా చెప్పేవాడని పేరు. తాత నోట్సే చదివేవాడట. ఆ క్లాసులో కూర్చుని విసిగి వేసారినవాళ్ళలో చార్లెస్ డార్విన్ ఒకడు.

ముగ్గురికీ ఒకే పేరు ఎందుకు అంటావేమో. స్కాట్‌లకూ మనకూ కలిసే చోటు ఇది. పెద్ద కొడుక్కి నాయన నాయన పేరు, రెండోవాడికి తల్లి నాయన పేరు, పెద్ద కూతురికి అమ్మమ్మ పేరు అని వరుస ఉండేది. ఇంటిపేరు ఒకటే, పెట్టే పేర్లు ఆరేడే. అందుకని చేపల పల్లెల్లో మనిషి మనిషికీ ఒక ముద్దుపేరు తప్పనిసరి అయింది. ఒకే పేరున్న నలుగురిలో ఎవరికి ఉత్తరమో పోస్ట్‌మ్యాన్‌కు తెలియాలిగా.

ప్రశ్న: స్కాట్లండులో ‘మన్రోలు’ ఎక్కామని మా ఫ్రెండ్స్ ఫొటోలు పెడుతుంటారు. కొండలకు ఆ పేరేమిటి?
— హైదరాబాద్ నుంచి ఒక ట్రెక్కింగ్ పిచ్చోడు (ఆయన రాసుకున్నదే)

జవాబు: అక్కడ మూడు వేల అడుగులు, అంటే 914 మీటర్లు, దాటిన కొండను మన్రో అంటారు. ఇప్పుడు లెక్కకు 282 ఉన్నాయి. 1891లో ఈ జాబితా మొదట తయారుచేసినవాడు సర్ హ్యూ మన్రో. అంతకుముందు అట్లాంటి కొండలు ముప్పయ్యో ఏమో ఉంటాయని అనుకునేవాళ్ళు. ఈయన కొలత పటాలు ముందేసుకుని, గడ్డకట్టే చలిలో తిరిగి, 283 కొండలు లెక్క తేల్చాడు. అన్నీ తానే ఎక్కాలనుకున్నాడు. స్కై దీవిలో కత్తి అంచులా నిలబడ్డ ఒక బండ లొంగకముందే 1919లో కన్నుమూశాడు. ఆ జాబితాలోని కొండలన్నీ ఎక్కిన ఘనత 1901లోనే ఒక చర్చి ఫాదరుకు దక్కింది.

ఇంతవరకు మీ ఫ్రెండ్స్‌కు తెలిసే ఉంటుంది. తెలియనిది చెబుతాను. ఈ హ్యూ మన్రో లిండర్టిస్ అనే ఎస్టేటుకు నాలుగో బారొనెట్. ఆ బిరుదు 1825లో మొదట పొందినవాడు మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో. అంటే మన కలెక్టరు దొరకు ఆయన స్వయాన మనవడు! తాత గుర్రమెక్కి గుత్తి, పెనుకొండ తిరిగి పొలాలు కొలిపించాడు. మనవడు చేత్తో బారోమీటరు పట్టుకుని కొండలు కొలిచాడు. ఆ ఇంటికి కొలత పిచ్చి ఉందనుకోవాలి.

తాత చావు మీకు తెలుసనుకుంటాను. పదవి దిగి ఇంటికి పోయేముందు సీమ జనాన్ని ఆఖరుసారి చూసుకుందామని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తి కోట కింద పూడ్చి, తర్వాత మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి మార్చారు. పాపఘ్ని ఒడ్డున గండి దగ్గర ఆయనకు బంగారు తోరణం కనబడిందనీ, అది కనబడినవాడు ఎక్కువకాలం బతకడనీ మా అవ్వ చెప్పేది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి దర్శనమిచ్చాడనే కథ సరేసరి. ఇంకో దొరకు మనవాళ్ళు ఇన్ని కథలు కట్టలేదు.

ప్రశ్న: మేడమ్, మీరు దొరలను మరీ పొగుడుతున్నారు. మాది పాళెగాళ్ళ ఊరు. మా వాళ్ళ కోటలు కూలగొట్టించింది ఆ మన్రోనే. ఆ ఇంటిపేరులో చెడ్డవాడే లేడా?
— పులివెందుల వైపు నుంచి ఒక పాఠకుడు

జవాబు: బాగా అడిగావు నాయనా. పాళెగాళ్ళ ఇళ్ళల్లో మన్రోలప్పలు పుట్టి ఉంటారని నేనూ అనుకోను. కోటలు పడగొట్టి, ఆయుధాలు లాక్కుని, కొందరిని కైదు చేసి, కొందరికి భరణం పెట్టి కూర్చోబెట్టాడు. రైతు చెప్పే మన్రో వేరు, పాళెగాడు చెప్పే మన్రో వేరు.

ఇంకో మన్రో సంగతి చెబుతాను, అప్పుడు నీకు తూకం సరిపోతుంది. సర్ హెక్టర్ మన్రో, నోవార్ దొర. ఇతను అసలు ఈస్టర్ రాస్‌వాడే. 1764లో బక్సర్ యుద్ధం గెలిచి బెంగాలును కుంపిణీ చేతిలో పెట్టాడు. ఆ యుద్ధానికి ముందు తిరగబడ్డ సిపాయిలను ఫిరంగి మూతులకు కట్టి పేల్చాడు. 1780లో హైదర్ అలీ మీదికి పోయినప్పుడు మాత్రం కంచి దగ్గర ఇతని అతితెలివి బయటపడింది. కొద్ది మైళ్ళ దూరంలో పొల్లిలూరులో కుంపిణీదే అయిన బెయిలీ దళం తుడిచిపెట్టుకుపోతుంటే సమయానికి అందుకోలేకపోయాడు. చివరకు పెద్ద ఫిరంగులను కంచి గుడి కోనేట్లోకి తోయించి మద్రాసుకు పరుగెత్తాడు. ఆ పరుగెత్తిన సైన్యంలో మన థామస్ కొత్తగా చేరిన కుర్ర క్యాడెట్. మరుసటి ఏడు హెక్టర్ డచ్చివాళ్ళ నుంచి నాగపట్నం గెలిచి పరువు కాపాడుకున్నాడు. డబ్బు మాత్రం మొదటినుంచీ బాగానే కూడింది.

ఆ డబ్బుతో సొంతూరికి పోయి ఏం చేశాడు? ఫైరిష్ అనే కొండ నెత్తిన నాగపట్నం కోట ద్వారం నమూనా కట్టించాడు. 1782లో. ఊళ్ళో పని లేక మాడుతున్నవాళ్ళకు కూలి దొరకాలని కట్టించాడంటారు. ఇంకొంచెం పని పుట్టించడానికి పైకి మోసిన రాళ్ళను రాత్రిళ్ళు కిందికి దొర్లించి, మోసినవాళ్ళచేతనే మళ్ళీ మోయించి మళ్ళీ కూలి ఇచ్చాడని కూడా కథ. కరువు పని అంటే ఇట్లానే ఉంటుంది, మన దగ్గర చెరువు పూడిక తీసిన చోటే మళ్ళీ తీసినట్టు.

పదేళ్ళకు, 1792లో, అదే దొర తన కిల్డర్‌మోరీ భూమిని గొర్రెల పెంపకానికి బయటివాళ్ళకు కౌలుకిచ్చాడు. మనుషుల కంటే గొర్రెలకు కౌలు ఎక్కువ వస్తుంది మరి. పక్క లోయ రైతుల పశువులకు మేత లేకుండా పోయింది. వాళ్ళు గుంపులుగా కూడి ఆ సీమలో ఉన్న గొర్రెలన్నిటినీ, వేలకు వేలు, దక్షిణానికి తోలుకుంటూ పోయారు. సైన్యం వచ్చి పట్టుకుంది. కొండసీమవాళ్ళు దాన్ని ఇప్పటికీ ‘గొర్రెల ఏడు’ అంటారు. అక్కడినుంచి మొదలై అరవై డెబ్బయ్యేళ్ళపాటు ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కెనడాలో, ఆస్ట్రేలియాలో, న్యూజిలాండులో ఇప్పుడున్న మన్రోలలో ఎంతోమంది అట్లా భూమి పోయి ఓడెక్కినవాళ్ళ పిల్లలే. ఖాళీ చేయించినవాడూ మన్రో, ఖాళీ చేసి పోయినవాళ్ళలోనూ మన్రోలు. తెగ పెద్ద మనల్ని కడుపులో పెట్టుకుంటాడని నమ్మి ఆయన పేరు పెట్టుకున్న జనం వాళ్ళు.

ఆ 1792 డిసెంబరులోనే హెక్టర్ కొడుకును బెంగాల్‌లో సాగర్ దీవి దగ్గర పులి ఎత్తుకుపోయింది. టిప్పు సుల్తాన్ తెల్లదొర మీద పడ్డ చెక్క పులి బొమ్మను చేయించుకున్నది ఆ వార్త విన్నాకేనని అంటారు. తిప్పితే దొర ఏడుస్తాడు, పులి గర్జిస్తుంది. అది ఇప్పుడు లండను మ్యూజియంలో ఉంది.

ఫైరిష్ కొండ నేనూ ఎక్కాను. 450 మీటర్ల పైచిలుకు, గుత్తి కోట ఎక్కిన కాళ్ళకు లెక్క కాదనుకున్నాను కానీ బురద దారి, మోకాళ్ళు, చెవుల్లో దూరే చిన్న చిన్న దోమలు. అల్లుడు వెనక నుంచి తోసినంత పని చేశాడు. పైన గాలికి కొంగు నిలవదు. మధ్యలో కమాను, అటూ ఇటూ స్తంభాలు, నాగపట్నం వాకిలి. కింద సముద్రపు పాయలో చమురు తవ్వే ఇనుప గోపురాలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి, మరమ్మతుకు తెచ్చి పెడతారట. ఆ కమాను కింద గాలికి చాటున కూర్చుని డబ్బా విప్పి చిత్రాన్నం తిన్నాం. కుక్కను తిప్పుతూ పైకి వచ్చిన ఒక ముసలాయన ఎక్కడినుంచి వచ్చారని అడిగాడు. ఇండియా అన్నాను. ‘అయితే ఇది మీ గేటే’ అన్నాడు.

ప్రశ్న: మార్లిన్ మన్రో కూడా ఆ వంశమేనా?
— పేరు రాయలేదు

జవాబు: ఆమె అసలు పేరు నోర్మా జీన్. 1946లో సినిమావాళ్ళు పేరు మార్చమంటే తల్లి పుట్టింటి పేరు తెచ్చి పెట్టుకుంది. కిల్టర్న్ రాళ్ళ మీద ఆడవాళ్ళు ఆ పనే చేశారు కదా.